నోటి వాసన చూసినవాళ్ళు

నా పదవీ విరమణ రోజున శాలువా కప్పి, ముఖ్య అతిథి మైకు పుచ్చుకుని, "ఎందరో చిన్నారులకు చిలకపలుకులు నేర్పిన మాతృమూర్తి" అని నన్ను పొగిడాడు. ఆయన వేరే విభాగంలో పెద్ద డాక్టరు. ఆయన గదికీ నా గదికీ మధ్య ఒక్క వరండా అడ్డం. అన్నేళ్ళలో ఒక్కసారైనా తలతిప్పి నా గది ముందున్న బెంచీ చూసి ఉంటే, అక్కడ మూతి పక్కకు పోయిన తాతలు, చొంగ తుడుచుకునే మేస్త్రీలు, తలకు కట్లతో ఉన్న లారీ డ్రైవర్లు కనిపించేవారు. చిన్నారులు వేరే రోజు, వేరే గదికి వచ్చేవారు. ఆయన చూడలేదు. జనం చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి ఇంటికొచ్చి శాలువా మడిచి బీరువాలో పడేశాను.

ఈ చదువులోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మేడమ్, పెద్దవాళ్ళ కేసులు బోరు కదా? చెప్పినా మారరు కదా?" అంటారు. వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసిన కాలంలో నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఆపారు అన్నది మీకనవసరం. బాగా మాట్లాడుతూ బతికిన మనిషికి మాట చెడితే ఏమవుతుందో, చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మూర్ఖంగా ప్రవర్తిస్తారో అది చెబుతాను.

మాట కూడా ఒక కదలికే

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కించుకోండి. మాట్లాడటం కూడా నడవడం లాంటి పనే. ఊపిరితిత్తులు గాలి తోయాలి, స్వరతంత్రులు కలవాలి, మెత్తటి అంగిలి లేచి ముక్కుదారి మూయాలి, నాలుకా పెదవులూ సమయానికి కదలాలి. మెదడు ఆజ్ఞ ఇవ్వాలి, నరం మోయాలి, కండరం పాటించాలి. ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలిందో మాట తీరే మనకు చెబుతుంది. కండరాల కదలిక చెడి వచ్చే మాట జబ్బును డిసార్థ్రియా అంటారు. మనిషి తెలివికి దీంతో సంబంధం లేదు. ఇది అర్థం కాకనే బంధువులు పేషెంటు చెవిలో నోరు పెట్టి అరుస్తారు. అతని ఎదురుగానే "వీనికేమీ తెలీదు మేడమ్, నన్నడగండి" అంటారు. తెలియనిది ఎవరికో నాకు తెలిసేది, పేషెంటుకూ తెలిసేది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం.

చిత్తూరు నుంచి ఒక రిటైరైన హెడ్మాస్టరు భార్యను తీసుకొచ్చి, ఆమెకు చెవుడు వచ్చింది, మిషన్ పెట్టించండి అన్నాడు. ఆమె చెవులు నా చెవులకంటే బాగున్నాయి. పార్కిన్సన్స్ జబ్బు ఆయనకు. ఆ జబ్బులో గొంతు సన్నగిల్లి, ఎగుడుదిగుళ్ళు పోయి, చివరి మాటలు ఒకదాని మీదొకటి పడి పారిపోతాయి. మాట్లాడేవాడికి మాత్రం తాను మామూలుగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కాబట్టి తప్పు పెళ్ళాం చెవులదైంది. బళ్ళో పిల్లల చెవులు మెలిపెట్టిన అలవాటు ఊరికే పోతుందా?

ఒక బస్సు కండక్టరుకు పక్షవాతం తర్వాత ఇంకో రకం చిక్కు వచ్చింది. పెదవులు, నాలుక బలంగానే ఉన్నాయి. "చిత్తూరు" అనమంటే మాత్రం నోరు దారి వెతుక్కునేది. ఒకసారి "తిచ్చూరు", ఒకసారి "కిత్తూరు", ఒకసారి నోరు తెరిచి గాలి. కొండవైపు చూస్తే "గోవిందా" అని గంట కొట్టినట్టు వచ్చేది. అలవాటుగా దొర్లేది దొర్లుతుంది, కావాలని కూర్చుకోబోతే కూర్పు తప్పుతుంది. దీన్ని అప్రాక్సియా అంటారు. కండరానికి బలముంది, కదలికల వరస చెదిరిపోయింది. ఇంట్లోవాళ్ళు ఏమన్నారు? "దేవుని పేరు పలికేదానికి వస్తాది, మా పేర్లు పలికేదానికి రాదా? నాటకాలు."

"మాట తడబడుతోంది" అని రాసేవాళ్ళు

మా విభాగం హెడ్డు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. గొంతులోకి గొట్టం పెట్టి చూడటంలో దిట్ట. గొట్టంలో కనిపించనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. ఎలాంటి పేషెంటు వచ్చినా కేసు షీటు మీద "మాట తడబడుతోంది" అని ఒకే ముక్క రాసి నా గదికి తోసేవాడు. చీర ఏ రంగంటే రంగుగా ఉంది అన్నట్టు.

తడబాటులో ఎన్ని రకాలు! మెదడుకు రెండువైపులా పక్షవాతం తగిలితే మాట పిండినట్టు, బిగబట్టినట్టు వస్తుంది, మనిషి ఊరికే ఏడుస్తాడు, ఊరికే నవ్వుతాడు. చిన్నమెదడు దెబ్బతింటే ఒక అక్షరం గట్టిగా, ఒకటి మెల్లగా, కొలత తప్పి పడుతుంది. సారా మత్తు కొట్టేది కూడా చిన్నమెదడునే, కాబట్టి అది తాగినవాడి మాటలాగే వినిపిస్తుంది. నరాలు మెల్లమెల్లగా చచ్చే జబ్బొకటుంది. అందులో నాలుక సన్నబడి, చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతుంది. నరం నుంచి కండరానికి ఆజ్ఞ అందకపోతే మాట మెత్తబడి ముక్కులోకి జారుతుంది. ఇవన్నీ ఆయనకు ఒకటే. మాట తడబడుతోంది. మిగతాది ఆ అమ్మాయి చూసుకుంటుంది, ఆ అమ్మాయి చెప్పింది మాత్రం మనం వినక్కర్లేదు.

ఇలాంటి మనుషుల మధ్యకు వచ్చాడు దేవసహాయం.

పొద్దున బాగుంటాడు, మధ్యాహ్నం తాగుంటాడు

దేవసహాయంది బంగారుపాళ్యం పక్క ఊరు. మామిడి మండీలో వేలం పాడేవాడు. కాయ దిగిన రోజుల్లో పొద్దున్నే మొదలుపెట్టి, ట్రాక్టర్ల మీద వచ్చిన తోతాపురి రాశుల మధ్య ఒక్కొక్క రాశి దగ్గరా నిలబడి, ధర పాడి, వ్యాపారుల సైగలు పట్టి, రైతు ఒప్పుకునేదాకా గొంతు దించకుండా అరవాలి. మైకు పెడతామన్నా వద్దనేవాడట. నడివయసు మనిషి, బక్కగా, పొడుగ్గా ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి మానేశాడు. మానేశాడని ఊరంతా ఒప్పుకునేలా బతికాడు. చర్చిలో వాక్యం చదివే పని కూడా అతనిదే.

ఆ ఏడాది సీజన్ నడుమ మధ్యాహ్నానికి అతని గొంతు ముక్కులోకి పోవడం మొదలైంది. మాటలు కరిగిపోయేవి. కళ్ళు మూతలు పడేవి. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని, దవడ జారకుండా గడ్డం కింద చెయ్యి ఆనించుకునేవాడు. కాసేపు పడుకుని లేస్తే బాగుండేవాడు. తెల్లారేసరికి ఏమీ లేనట్టే ఉండేవాడు. చూసినవాళ్ళకు ఒక్కటే తోచింది. పొద్దున బాగుంటాడు, పొద్దెక్కేకొద్దీ తాగుతాడు.

ఒక మధ్యాహ్నం అతను పాడిన ధర రైతుకొకలా, వ్యాపారికొకలా వినిపించి ఇద్దరూ కొట్లాటకు దిగారు. మండీ ఓనరు అందరి ముందూ అతని చొక్కా పట్టుకుని, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "రేపట్నించి రావద్దప్పా" అన్నాడు. వాసన రాలేదు. వాసన రానంత మాత్రాన తన అభిప్రాయం మార్చుకోవాలన్న ఆలోచన ఆ పెద్దమనిషికి రాలేదు. తర్వాత ఒక ఆదివారం చర్చిలో పెద్ద అధ్యాయం చదువుతూ చదువుతూ చివరికొచ్చేసరికి దేవసహాయం మాట ముక్కుతో మూలిగినట్టయింది. పాస్టరు ఆ రోజు ఆరాధనలో అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె అతనికి ఇవ్వలేదు. పశ్చాత్తాపపడి రమ్మన్నాడు. దేనికి పశ్చాత్తాపపడాలో అతనికి తెలియలేదు.

భార్య సుగుణమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయేది. ఆమే అతన్ని తిరుపతికి తెచ్చింది. తెల్లవారి మొదటి బస్సెక్కి వచ్చారు. మా హెడ్డు గొట్టం పెట్టి చూశాడు. పొద్దున పూట కదా, గొంతు దివ్యంగా ఉంది. "తాగుడు అలవాటుందా?" అని అడిగాడు. ఒకప్పుడు ఉండేదని దేవసహాయం నిజం చెప్పాడు. అంతే, హెడ్డుకు జవాబు దొరికింది. నిజం చెప్పినవాడికి మన ఆసుపత్రుల్లో దక్కే మర్యాద ఇది. నా గదికి పంపుతూ షీటు మీద ఏం రాశాడో మీకు తెలుసు.

గదిలో వేలంపాట

నా దగ్గరికి వచ్చినప్పుడూ అతను బాగానే మాట్లాడాడు. పేరు, ఊరు, పని, అన్నీ స్పష్టంగా చెప్పాడు. సుగుణమ్మ తల వంచుకుని కూర్చుంది. "మరి బాగానే ఉన్నాడు కదమ్మా?" అన్నాను.

"పొద్దన ఇట్లే ఉంటాడు మేడమ్. పొద్దెక్కినాక సూడల్ల మీరు." మొగుడి వైపు చూడకుండా, "నేను గూడా ఆయప్ప నిద్దరపోతాంటే వాసన సూసినాను. సారాయి వాసన రాల్యా. వాసన రాని సారాయి ఏమన్నా వచ్చిండాదేమో అనుకున్యా" అంది.

దేవసహాయం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆమె వాసన చూసిన సంగతి అతనికి అప్పటిదాకా తెలియదనుకుంటాను.

మా గదుల్లో పేషెంటును రెండు వాక్యాలు చదివించి, నాలుక చాపించి, పంపేయడం వాడుక. ఆ రెండు వాక్యాలు చదివేలోపు ఈ జబ్బు బయటపడదు. అలసిపోయేదాకా మాట్లాడించాలి. "మండీలో ఎట్లా పాడతావో అట్లా పాడు. నేను ఆపమనేదాకా ఆపొద్దు" అన్నాను.

"ఈడనా మేడమ్? ఆస్పత్రిలోనా?"

"ఇక్కడే."

సిగ్గుపడుతూ లేచి నిలబడ్డాడు. ఒకసారి దగ్గి, ఎత్తుకున్నాడు. "రాండప్పా రాండి, బంగారుపాళ్యం తోతాపురి, బరువు కాయ, పగలని కాయ! ఒకటోతూరి..." గది అద్దాలు అదిరాయి. వరండాలో పోయేవాళ్ళు తలుపు దగ్గర గుమికూడారు. అంత నిండైన గొంతు నేను ఆ గదిలో ఎన్నడూ వినలేదు. ధర పెంచుతూ, లేని వ్యాపారులను పిలుస్తూ, లేని రైతును బతిమాలుతూ పాడాడు. సుగుణమ్మ కూడా తలెత్తి చూసింది.

కాసేపటికి "బరువు" అన్నది "మరువు" అయింది. నేను కూర్చున్నచోటనే నిటారుగా అయ్యాను. "ఇంకా పాడు" అన్నాను. "బంగారుపాళ్యం" పోయి "మంగారుమాళ్యం" వచ్చింది. పెదవులు మూసి పలికే అక్షరాలన్నీ ముక్కులోంచి జారి "మ" అయిపోతున్నాయి. "దండిగా" అన్నది "నన్నిగా" అయింది. అంగిలి అలసిపోయి ముక్కుదారి మూయలేకపోతోంది. ఎడమ కన్ను రెప్ప సగం దిగింది. తలుపు దగ్గర ఎవడో కిసుక్కున నవ్వి, "ఏసుకొచ్చినాడబ్బా" అన్నాడు. నేను లేచి వాడి మొహం మీదే తలుపు వేశాను.

నీళ్ళు ఇచ్చాను. ఒక గుక్క తాగేసరికి ముక్కులోంచి కారాయి. తువ్వాలుతో తుడుచుకుని కుర్చీలో చేరగిలబడ్డాడు. అతన్ని నోరు కదపొద్దన్నాను. కొంతసేపటికి రెప్ప పైకి లేచింది. "మండీ పేరు చెప్పు" అన్నాను. "బంగారుపాళ్యం మండీ మేడమ్" అన్నాడు, అక్షరం చెదరకుండా.

"ఇప్పుడు తాగినాడా సుగుణమ్మా?" అన్నాను. "నీ కళ్ళెదురుగానే కదా తడబడింది? నీ కళ్ళెదురుగానే కదా తేరుకుంది? ఏ సారాయి ఇంతలో ఎక్కి ఇంతలో దిగుతుంది?"

ఆమె లేచి వెళ్ళి మొగుడి తడిచిన చొక్కా ముందుభాగం కొంగుతో ఒత్తడం మొదలుపెట్టింది. తడి ఆరిపోయాక కూడా ఒత్తుతూనే ఉంది.

సంతకం పెట్టని చెయ్యి

పరుగున వెళ్ళి హెడ్డుకు చెప్పాను. అలసటతో చెడి, విశ్రాంతితో తేరుకునే మాట ఇది, కండరాల జబ్బు అనుమానం, నీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయి కాబట్టి ఇవాళే చేర్చుకోవాలి అన్నాను.

"ఏమ్మా, డయాగ్నోసిస్ నువ్వెప్పటినుంచి మొదలుపెట్టావు?" అన్నాడు.

"మీరు పొద్దున్నే చూశారు సార్. ఇప్పుడొకసారి చూడండి."

"గొంతు పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి ఉంటుందా?"

"ఇతనికి ఉంటుంది సార్. అదే జబ్బు."

నవ్వాడు. పక్కనున్న జూనియర్లు కూడా నవ్వారు. పై అధికారి నవ్వితే నవ్వడం వాళ్ళ సిలబస్‌లో మొదటి పాఠం. చేర్చుకునే కాగితం మీద ఆయన సంతకం కావాలి. పెట్టలేదు. లేచి చూడటానికి కూడా రాలేదు.

మా ఆసుపత్రికి ఉన్న ఒక్క నరాల డాక్టరు వసుంధర మరో ఊళ్ళో సమావేశంలో ఉంది. ఫోన్ చేశాను. నాకంటే చిన్నది, నాకంటే చాలా చదువుకున్నది. నేను చెబుతుండగానే మధ్యలో ఆపి, "కనురెప్ప వాలిందా? నమలడానికి కష్టపడుతున్నాడా?" అని అడిగింది. మయస్థీనియా అన్న పేరు మొదట ఆమే పలికింది. "ఎల్లుండి పొద్దున్నే నేనక్కడుంటాను, నా పేరు మీద రమ్మనండి. మింగడం ఇంకా కష్టమైనా, ఊపిరి చాలకపోయినా ఒక్క నిమిషం ఆగొద్దు, క్యాజువాలిటీకి తీసుకురమ్మనండి. ముఖ్యంగా మత్తు మందులు, నిద్ర మాత్రలు ఎవరూ ఇవ్వకూడదు" అంది. విన్నది విన్నట్టే సుగుణమ్మకు చెప్పాను. తిరిగి నాకు చెప్పమన్నాను. చెప్పింది. మనకు అంత చదువుకున్నవాళ్ళు తక్కువైనందుకు నాకెప్పుడూ బాధ లేదు. చదువుకున్నవాళ్ళలో చెవులున్నవాళ్ళు తక్కువైనందుకే కోపం.

నిద్రపోతున్నాడమ్మా

సుగుణమ్మకు మోహన్ అని తమ్ముడున్నాడు. మంచివాడు. ఇలాంటి ఘోరాలు చేసేది తరచుగా మంచివాళ్ళే. బావ మళ్ళీ తాగుతున్నాడన్న బెంగతో పాస్టరును కలిశాడు. పాస్టరు తనకు తెలిసిన ఒక మద్యం మాన్పించే కేంద్రం సంగతి చెప్పాడు. వాళ్ళు తిరుపతికి వచ్చి వెళ్ళిన మర్నాడు, సుగుణమ్మ ఫ్యాక్టరీకి పోయిన తర్వాత మోహన్ ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని కారులో వచ్చాడు.

దేవసహాయం రానన్నాడు. తాను తాగలేదన్నాడు. జబ్బుందని, రేపే డాక్టరమ్మ చూస్తానందని చెప్పాడు. ఒకసారి చెబితే వాళ్ళు వినలేదు కాబట్టి మళ్ళీ చెప్పాడు. కారులో చెప్పాడు. కేంద్రంలో చెప్పాడు. చెప్పేకొద్దీ అతని మాట ముద్దకట్టింది, రెప్పలు దిగాయి. నేరం చెయ్యలేదని మొరపెట్టుకునేకొద్దీ నేరం రుజువవుతూ పోయింది. లోకంలో ఏ కోర్టులోనూ ఇంత అన్యాయమైన విచారణ జరిగి ఉండదు. కేంద్రంవాళ్ళు కట్టేసి, శాంతించడానికని సూది వేశారు.

పని దిగి ఇంటికొచ్చిన సుగుణమ్మకు పక్కింటివాళ్ళు చెప్పారు. తమ్ముడు ఫోనెత్తలేదు. తెల్లారగానే బస్సెక్కి నేరుగా నా గదికి వచ్చింది. చెప్పులు కూడా లేవు కాళ్ళకు. "పిలసకపోయినారు మేడమ్. యాడికో పిలసకపోయినారు" అని అదే మాట. నేనే మోహన్‌కు ఆసుపత్రి నంబరు నుంచి ఫోన్ చేస్తే ఎత్తాడు. కేంద్రం ఎక్కడో, దాని ఫోన్ నంబరేమిటో చెప్పాడు. అప్పుడే వచ్చిన వసుంధరను వరండాలోనే పట్టుకున్నాను. కేంద్రానికి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టింది.

"ఎదురు తిరగతాండాడని సూదేసినామమ్మా. ఇబ్బంది లేదు. నిద్దరపోతాండాడు" అన్నాడు అవతల మనిషి.

"లేపు" అంది వసుంధర.

"యాలమ్మా లేపేది, గమ్మున పడుకోనుండాడు గదా."

"లేపి పేరడుగు. ఫోను అతని నోటి దగ్గర పెట్టు."

గొణుక్కుంటూ పోయినట్టున్నాడు. ఎవరినో కుదుపుతున్న చప్పుడు. "ఏమప్పా, పేరేంది? పేరు సెప్పు." చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఒక చిన్న గాలి. "నే..." అని ఆగిపోయింది. దేవసహాయం తన పేరులో మొదటి అక్షరం కూడా పలకలేకపోయాడు, అది ముక్కులోకి జారిపోయింది. రెండో అక్షరానికి ఊపిరి లేదు.

సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుంది. వసుంధర గొంతు పెంచలేదు. "అది నిద్ర కాదు. ఊపిరి ఆగిపోతోంది. కట్లు విప్పి, పక్కకు తిప్పి పడుకోబెట్టు. ఆక్సిజన్ ఉంటే పెట్టు. ఆంబులెన్సు వస్తోంది. ఇంకొక్క సూది వేశావంటే నేను పోలీసులతో వస్తాను" అంది. అంటూనే మరో ఫోన్లో ఆంబులెన్సు పిలిచింది. అతను వచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. స్ట్రెచరు దించిన చోటనే గొంతులో గొట్టం వేసి ఊపిరి యంత్రానికి కలిపారు.

గుమ్మం దగ్గర కాపలా

ఈ జబ్బు ఏమిటో సులువుగా చెబుతాను. మెదడు బాగుంది. నరం బాగుంది. ఆజ్ఞ కండరం గుమ్మం దాకా వస్తుంది. బయటి క్రిముల మీద పోరాడాల్సిన మన ఒంట్లోని కాపలావాళ్ళే పొరబడి ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటారు. మొదట కొన్ని ఆజ్ఞలు ఎలాగో దూరిపోతాయి. వాడేకొద్దీ దూరేవి తగ్గుతాయి. అందుకే పొద్దున మాట బాగుంటుంది, అలిసేకొద్దీ చెడుతుంది. ఇలాంటి మనిషికి మత్తు సూది వేస్తే మిగిలిన కాస్త ఊపిరీ అణిగిపోతుంది. కొందరికి రొమ్ము ఎముక వెనకుండే గ్రంథిలో గడ్డ కూడా ఉంటుంది. దేవసహాయానికి ఉంది. అతని నెత్తురులోంచి ఆ కాపలావాళ్ళను వడకట్టి తీశారు. రోజులు గడిచాక సొంత ఊపిరి వచ్చింది. మాత్రలు మొదలుపెట్టారు. బలం పుంజుకున్నాక గడ్డ తీశారు.

యంత్రం తీసేశాక మింగడం మళ్ళీ అలవాటు చేయించడం నా పని. గడ్డం కిందికి వంచి మింగడం, కొంచెం కొంచెం తినడం, మాత్ర పనిచేసే వేళ చూసుకుని భోంచేయడం, రెండు మాటలకొకసారి ఆగడం నేర్పించాను. ఇందులో ఇంకో మూర్ఖత్వం ఉంది, జాగ్రత్త. నాలుక బలహీనంగా ఉందంటే చాలు, వ్యాయామం, వ్యాయామం అని పేషెంటును వేధించే థెరపిస్టులున్నారు. అలసటే జబ్బైనవాడికి వ్యాయామం విషం. పుస్తకంలో ఒక పేజీ నేర్చుకుని అందరికీ అదే పేజీ అప్పజెప్పేవాళ్ళు దయచేసి వేరే ఉద్యోగం చూసుకోండి. ఇప్పుడు మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఇంట్లోవాళ్ళను పొద్దునా సాయంత్రం పేషెంటు మాట్లాడేది వీడియో తీసి తెమ్మనండి. రీళ్ళు చూసే చేతులే కదా, ఒకసారి పనికొచ్చేది చూడండి.

తెలీదు కదమ్మా

తర్వాత వాళ్ళందరూ ఏం చేశారో కూడా చెప్పాలి.

మండీ ఓనరు ఆసుపత్రికి వచ్చాడు, పెద్ద బుట్ట నిండా బేనీషా మామిడిపండ్లతో. దేవసహాయానికి అప్పటికి ముక్కులోంచి గొట్టం వేసి గంజి పోస్తున్నాం. మింగలేని మనిషి మంచం పక్కన ఆ బుట్ట పెట్టి, "మాకేం తెలుసమ్మా, తాగినోడి మాదిరే ఉన్నాడు గదా" అన్నాడు. మళ్ళీ పనిలోకి తీసుకుంటారా అని సుగుణమ్మ అడిగితే, మైకు సెట్టు కొన్నామన్నాడు.

పాస్టరు ఆదివారం ప్రార్థనలో, వ్యసనం నుంచి మన సహోదరుణ్ణి విడిపించిన దేవునికి స్తోత్రం చెల్లించాడట. సుగుణమ్మ లేచి, చెప్పులు వేసుకుని, అందరూ చూస్తుండగా బయటికి నడిచి వచ్చేసింది. ఇప్పుడు వాళ్ళు పక్క ఊరి చర్చికి పోతున్నారు.

మా హెడ్డు ఒక వైద్య సదస్సులో ఈ కేసు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. "మా విభాగంలో తొలి దశలోనే గుర్తించిన అరుదైన కేసు" అని మొదలుపెట్టాడు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. వసుంధర లేచి, తొలి దశలో చేర్చుకోకపోవడానికి కారణమేమిటని మర్యాదగా అడిగింది. సమయం అయిపోయిందని సభాధ్యక్షుడు గంట కొట్టాడు.

దేవసహాయం పూర్తిగా మునుపటిలా కాలేదు. అలా రాస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. మాత్రలతో పొద్దున పూట బాగుంటాడు. దామలచెరువులో ఒక మండీవాళ్ళు పొద్దుటి వేలం వరకు అతనికి, మధ్యాహ్నం ఇంకొకరికి ఇచ్చారు. జలుబు చేస్తే భయపడి వస్తాడు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు జబ్బు పేరు చెబుతాడు. నోరు తిరగని ఆ పేరును అతను ఎంత స్పష్టంగా పలుకుతాడో మా జూనియర్లు వినాలి.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు చూపించుకోవడానికి వచ్చినప్పుడు మోహన్ కూడా వెంట వచ్చాడు. అక్క అతనితో అప్పటికీ మాట్లాడటం లేదు. ముగ్గురూ నా గదిలో కూర్చున్నారు. నేను దేవసహాయం చేత గట్టిగా చదివించి, అలసట ఎంతసేపటికి వస్తుందో చూసి, బాగుందన్నాను. మోహన్ కుర్చీ జరుపుకుని బావ వైపు తిరిగాడు. నిజంగానే బాధపడుతున్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"ఇంత జబ్బు పెట్టుకోని, ఆ దినం ఒక్క మాట సెప్పుంటే అయిపోయేది గద బావా? యాల సెప్పలేదు?"

దేవసహాయానికి కోపం రాలేదు. బావమరిది మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, తేటగా అన్నాడు.

"సెప్తానే ఉంటిని గదప్పా."